రేవు దాటి నాలుగడుగులు

నవీపేటలో కాపురమున్న మాబోటి ఆడువారికి గోదావరి దూరపు దేవత కాదు, ఇరుగింటి పెద్దమ్మ. రైలెక్కిన కొంతసేపటికే బాసర. బిడ్డల అక్షరాభ్యాసమునకు పోదుము, కార్తికమున దీపములు విడువ పోదుము, పుష్కరములకు పోదుము. పోయి చూచినదేమి? రేవున దిగి మూడు మునకలు వేసి, పసుపు కుంకుమలు నీట వదలి, తడిబట్టలు మూటగట్టుకొని, బండి తప్పిపోవునను తొందరతో తిరిగివచ్చుట తప్ప మరేమియు లేదు. నాకు పెండ్లియై ఇరువదియేండ్లయినది. ఇన్నియేండ్లలో నేను చూచిన గోదావరి నాలుగు రేవుమెట్లు మాత్రమేయని మొన్నటి మాఘమాసమున తెలియవచ్చినది.

తెలియజేసినది మా వదినె. ఆమె కాపురము కాకినాడలో. ఆమె మా యింట నాలుగు దినములుండ వచ్చి, ఒకనాటి రాత్రి భోజనములైన పిదప కోరంగి ముచ్చట లెత్తినది. గోదావరి సముద్రమున గలియుచోట మడ అడవులున్నవట. వాని నడుమ చెక్కలతో పరచిన బాటపై ఆడువారును పిల్లలును హాయిగా నడచి పోవుదురట. సముద్రపు పోటు వచ్చినపుడు నీరు చెట్ల మొదళ్ల కెక్కును. పాటు వచ్చినపుడు బురద తేలి, దానిపై ఎండ్రకాయలు పరుగులెత్తును. ఇది దినమునకు రెండుసార్లు జరుగును.

“మీ గోదావరికి పోటుపాటులు లేవు గదా! నడచి చూడదగినదేమున్నది, మరదలా?” యని ఆమె నవ్వినది. నాకు రోషము కలిగినది. కాని చెప్పుట కేమియు తోచలేదు. ఏమైన చూచియుండిన గదా చెప్పుట!

మరునాడు తెల్లవారకమునుపే జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారము, రెండు సీసాల నీరు సంచిలో పెట్టుకొని యంచ వరకు ఆటోలో పోతిమి. అక్కడ గోదావరిపై రోడ్డువంతెనయు రైలువంతెనయు నున్నవి. ఎల్లవారును వంతెన దాటి బాసరకు పోవుదురు. మేము దాటక, ఇవతలి గట్టు వెంబడి తూర్పునకు, పసులు నడచిన కాలిబాటను పట్టితిమి.

మొదటి అరగంటలోనే నేనెరుగని గోదావరి కనబడినది. వానకాలమున నిండుగా నుండిన నీరు వెనుకకు జరిగి, విశాలమైన మైదానమును విడిచిపోయినది. నీటి అంచున బురద నిగనిగలాడుచున్నది. దాని వెనుక నెర్రెలు విచ్చిన నేల. దాని వెనుక పచ్చిక. ఇంకను వెనుకకు పచ్చని పైరు. కొంగలు బారులు తీరి నిలిచియున్నవి. ఈ వెనుకనీటి మైదానములకు కృష్ణజింకలు మేతకు వచ్చునని వినియుంటిని గాని నమ్మలేదు. ఆనాడు నాలుగు జింకలు మమ్ము చూచి చెవులు నిక్కించి, గంతులిడి పోయినవి. మా వదినె చాలసేపు మాటలాడలేదు.

ఆ సంతోషములో ఒక పొరపాటు చేసితిమి. నీటిని దగ్గరగా చూడవలెనని కాలిబాట విడిచి, ఎండినట్లు కనబడిన నేలపై అడుగిడితిమి. పదియడుగులలో మా వదినె కుడికాలు పిక్కవరకు దిగిపోయినది. లాగినకొలది రెండవకాలును దిగుచున్నది. నేను చేయి అందింపబోగా వెనుకనుండి కేక వినబడినది.

“ఆగుండ్రి బిడ్డా! నువ్వు గూడ దిగబడ్తవు. మీద ఎండినట్టు కొడ్తది, లోపల గుంజుతది!”

బర్రెలను తోలుకొనివచ్చిన ఒక ముదుసలి. చేతికర్రను అడ్డముగా పరచి, దానిపై బరువు మోపి మెల్లగా వెనుకకు వాలుమని చెప్పినది. మా వదినె కాలు బయటపడినది. చెప్పు మాత్రము గోదావరికే మిగిలినది. ముగ్గురమును తుమ్మచెట్టు నీడను కూర్చుండి రొట్టెలు పంచుకొని తింటిమి. ఈ ప్రక్కనే మీ ఊరా యని అడిగితిని. ఆమె నీటివైపు చేయి చూపినది.

“మా ఊరు గా నీళ్లల్లనే ఉండె. నీళ్లు నిండినప్పుడు నేను చిన్నపోరిని. ఎండకాలం నీళ్లు గుంజితె మా వాకిట్ల పాతిన రోలు తేలుతుండె. మా అవ్వ ఉన్నన్నొద్దులు పోయి పసుపు పెట్టొచ్చేది. ఇప్పుడు బురద మీదికొచ్చింది. కానొస్తలేదు.”

కొంతసేపటికి మరల తానే అన్నది: “పోతె పోయింది గని, గా నీళ్లు వరంగల్ దాక పోతున్నయట. ఎవరన్న తింటున్నరు గద.”

ఇంటికి వచ్చిన పిదప నేను పుస్తకములు వెదకి తెలిసికొన్న సంగతి యిది. 1963వ సంవత్సరము జూలై 26వ తేదీన నెహ్రూగారు పోచంపాడు వద్ద ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. అదియే నేటి శ్రీరాంసాగరము. దాని కాకతీయ కాలువ కరీంనగరము, వరంగల్లు వైపుల పొలములను తడుపుచున్నది. దానికొరకు మన వైపున అనేక గ్రామములు మునిగినవి. వానలకు జలాశయము నిండగా నీరు వెనుకకు ఎగదన్ని బాసర, కందకుర్తి వరకును వచ్చును. యాసంగి పైరులకు నీరు విడుచుకొలది వెనుకకు జరుగును. అనగా మన గోదావరికిని పోటుపాటులున్నవి. సముద్రమున దినమునకు రెండుసార్లయిన, మనకు ఏడాదికొకసారి. ఈ మాట చెప్పగా మా వదినె ఓటమి నొప్పుకొన్నది.

ఇంకొక సంగతి. ఆ జలాశయమును 112 టి.ఎం.సి.ల నీరు పట్టునట్లు కట్టిరి. పూడిక చేరి యిప్పుడు సుమారు 80 మాత్రమే పట్టుచున్నది. మా వదినె కాలిని పట్టినదియు, ఆ అవ్వ రోటిని కప్పినదియు ఆ పూడికయే. ఎగువ నేలలు కోసికొనిపోయి వచ్చిన మన్నది. లెక్కలలో అంకెగా కనబడునది, కాలికి తగిలినపుడు గాని మనసునకు పట్టదు.

మూడవనాడు బోధను మీదుగా కందకుర్తికి పోతిమి. గోదావరి తెలంగాణమున అడుగిడుచోట మంజీర, హరిద్ర వచ్చి కలియుటచే దానిని త్రివేణీసంగమ మందురు. నీరు తగ్గినపుడు ఏటిలోని పాత రాతి శివాలయము బయటపడును. సోదరీమణులారా, అక్కడ మంజీరను ఒక్కసారి నిలిచి చూడుడు. బీడు జిల్లాలో పుట్టి, 724 కిలోమీటర్లు నడచివచ్చిన నది అది. త్రోవలో సింగూరు వద్ద హైదరాబాదు దాహము తీర్చినది. 1931లో పూర్తియైన నిజాంసాగరము ద్వారా మన చెరకుతోటలను పెంచినది. ఆ చెరకు నమ్మికొనియే 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలసినది. అది 2015లో మూతపడినది. అందరికి వడ్డించి కడపట విస్తరి వేసికొను ఇల్లాలివలె మంజీర సంగమమునకు చిక్కిపోయి వచ్చును. ఇక హరిద్ర యనగా పసుపే గదా! మన జిల్లా పసుపునకు పెట్టినది పేరు. 2025లో జాతీయ పసుపు బోర్డు కేంద్రకార్యాలయము నిజామాబాదులోనే నెలకొన్నది.

కడపటినాడు నిజామాబాదు ఖిల్లా ఎక్కితిమి. ఎన్నిసార్లో రామాలయమునకు ఆ మెట్లెక్కితిని; దండము పెట్టి దిగివచ్చితిని. ఆ కోటయే నిజాము కాలమున కారాగారమనియు, 1948లో దాశరథి కృష్ణమాచార్యులుగారిని అందు బంధించిరనియు, ఆయన బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసిరనియు ఎరిగియు, ఆ గోడలను చూడవలెనని యొకనాడును తోచలేదు. గోదావరిలో రేవు యెట్లో, కోటలో గుడి యట్లు. అంతవరకు పోయి, అక్కడనే ఆగిపోవుట మనకు అలవాటు.

నడవగోరు సోదరీమణులకు నాలుగు మాటలు. ఎగువ మహారాష్ట్రములోని బాబ్లీ ఆనకట్ట గేట్లు, 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి, జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరచియుండును. ఆ దినములలో వరద ఎప్పుడు వచ్చునో చెప్పలేము, గట్టు దిగరాదు. మార్చి 1వ తేదీనను కొంత నీరు విడుతురు. ఆనాడును దూరముగ నుండుడు. సంక్రాంతి మొదలు శివరాత్రి వరకు నడకకు తగిన కాలము. పసుల గిట్టలజాడ నున్న బాటనే పట్టుడు. నెర్రెలు విచ్చిన నేలను నమ్మకుడు. చీరను కుదించి కట్టుకొని, కాలి నంటియుండు బూట్లు తొడిగి, చేతికర్ర పట్టుకొనుడు. ఒంటరిగా పోరాదు. చేపలు పట్టువారి యిండ్లలో ఒక ఆడుమనిషిని తోడడుగుడు; ఆమెకు తెలిసినంత నది మన పుస్తకములకు తెలియదు. రైతుల పైరు త్రొక్కకుడు. తినిన పొట్లాముల కాగితములును, ప్లాస్టిక్ సంచులును మరల ఇంటికే తెండు.

గోదావరి పుష్కరములు 2015లో జరిగినవి; మరల 2027లో రానున్నవి. మనమందరము పోదుము; మునకలు వేయుదుము. తప్పక వేయవలసినదే. కాని తడిబట్టలు మార్చుకొన్న పిదప బండికొరకు పరుగిడక, గట్టు వెంబడి నాలుగడుగులు వేసి చూడుడు. ఏ ఊరు మునిగి మన పొలము పండినదో, ఏ నది చిక్కి మన కుళాయి పారుచున్నదో కనులార చూచినవారు, ఇంట నీటిచెంబు ఒలికించుటకు ముందు ఒక్కక్షణమాగుదురు.

ఆ అవ్వ రోలు ఎక్కడనున్నదో ఇక ఎవ్వరికిని తెలియదు. వెడలునపుడు మా వదినె సంచిలోని పసుపు పొట్లము విప్పి, ఆమె చేయి చూపిన దిక్కున నీటి అంచున చల్లినది. అవ్వ చూచి ఏమియు అనలేదు. బర్రెలను మరలించుకొని, మాతో వంతెన వరకు నడచి వచ్చినది.