జాకీ షేన్... తలవంచని గొంతు!

అబ్బ, ఏం గొంతండీ అది! జాకీ షేన్ పాట విన్నాక నాకు మరో పాట రుచించలేదంటే నమ్మండి. 1940లో అమెరికాలోని నాష్‌విల్‌లో పుట్టిందీమె. లోకం మగపిల్లాడంది, తాను మాత్రం ఆడదాన్నేనంది. కెనడా చేరి, టొరాంటో క్లబ్బుల్ని సోల్ సంగీతంతో ఉర్రూతలూగించింది. విలియం బెల్ పాట ‘ఎనీ అదర్ వే’ని 1962లో తన కథలా పాడింది. మరుసటేడు టొరాంటో రేడియో చార్టులో అది రెండో స్థానం కొట్టేసింది! 1971లో వేదిక దిగి మాయమైంది. బతికుందో లేదో అభిమానులకే తెలీదు. 2017లో పాత పాటల సంకలనం వస్తే, గ్రామీ నామినేషన్ వెతుక్కుంటూ వచ్చింది. 2019లో కన్నుమూసింది. 2024లో ఆమెపై డాక్యుమెంటరీ కూడా వచ్చింది. వేషం మార్చుకుంటే ఇంకా పెద్ద తారయ్యేదేమో! మార్చుకోలేదు గనకే, ఆ గొంతు నేటికీ ఎందరికో ధైర్యం చెబుతోంది.