ఇంట చేసిన ఆటపెట్టెలో ధ్వని దోషములు

ధ్వనిలేని ఆట ఉప్పులేని పప్పువంటిది. తెరపై బొమ్మలు ఎంత చక్కగా పరుగెత్తినను, గంతు వేసినప్పుడు, గెలిచినప్పుడు వినవలసిన చప్పుడు వినబడనిచో ఆటలోని ఉత్సాహము సగము తగ్గిపోవును. ధ్వనికి బదులు గురగుర, చిటపట మాత్రమే వినబడినచో ఆడువాడు విసుగెత్తి పెట్టెను కట్టివేయును.

నేడు అనేకులు చేతిలో ఇమిడెడి ఆటపెట్టెలను ఇంటిలోనే తయారు చేసికొనుచున్నారు. 1989లో జపాను దేశపు నింటెండో సంస్థ విడుదల చేసిన గేమ్‌బాయ్ ఇట్టి పెట్టెలకు ఆదర్శము. 2015 నవంబరులో రాస్ప్‌బెరీ పై జీరో అను అతి చిన్న కంప్యూటరు 5 డాలర్ల ధరకు వెలువడుటతో ఈ పని సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. ఈ కంప్యూటరునకు చిన్న తెర, కొన్ని మీటలు, లిథియం బాటరీ, స్పీకరు చేర్చవలెను. పాత యంత్రమువలె నటించు ప్రోగ్రామును అందులో నడుపవలెను. ఈ ప్రోగ్రామును ఎమ్యులేటరు అందురు.

బొమ్మ తెరపైకి వచ్చినంత సులభముగా ధ్వని స్పీకరులోనికి రాదు. దోషము కనబడగానే కొందరు స్పీకరును మార్చెదరు, పిమ్మట వర్ధకమును మార్చెదరు, తుదకు పెట్టెను అటకెక్కించెదరు. ఇది రోగ మేమో తెలియకయే మందులు మార్చుట వంటిది. చాలసార్లు దోషము ఏ భాగములోను ఉండదు; భాగములను కలిపిన తీరులోనే ఉండును. సరియైన ప్రశ్నలు వేసినచో రొద తన పుట్టినచోటును తానే తెలుపును. ఆ ప్రశ్నలు ఎట్టివో ఈ వ్యాసములో చూతము.

ధ్వని నడచు దారి

ముందుగా ధ్వని ఎచ్చట పుట్టి, ఏ దారిన వచ్చుచున్నదో తెలిసికొనవలెను. ఎమ్యులేటరు ధ్వనిని అంకెల రూపమున లెక్కించును. ఒక సెకను ధ్వనికి సాధారణముగా 44,100 అంకెలు కావలెను. పై జీరోలో చెవి గొట్టములు తగిలించు రంధ్రము లేదు. కావున ఆ అంకెలను కంప్యూటరు తన కాళ్ళలో ఒకదానిపై విద్యుత్ స్పందములుగా మార్చి పంపును. స్పందపు ఎత్తు ఎల్లప్పుడు 3.3 వోల్టులే, మారునది దాని వెడల్పు మాత్రమే. వెడల్పు పెరిగినకొలది సగటు వోల్టేజి పెరుగును.

ఈ స్పందములను సగటు చేయుటకు చిన్న వడపోత వలయము కావలెను. 270 ఓముల నిరోధకము దాటిన తరువాత, 150 ఓముల నిరోధకమును 33 నానోఫారడ్ల కెపాసిటరును గ్రౌండుకు కలుపుట వాడుకలో నున్న పద్ధతి. దీనివలన 3.3 వోల్టుల స్పందము సుమారు 1.18 వోల్టులకు తగ్గును. వేగముగా మారు స్పందములు చాలవరకు అణగిపోవును. పిదప 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు నిలకడ వోల్టేజిని ఆపి, మారుచుండు భాగమును మాత్రము వర్ధకమునకు, అనగా ఆంప్లిఫయరునకు, అందించును. వర్ధకము దానిని పెంచి స్పీకరునకు ఇచ్చును.

ఎమ్యులేటరు, కంప్యూటరు కాలు, వడపోత, వర్ధకము, స్పీకరు: ఇవి దారిలోని ఐదు మజిలీలు. దారిని మధ్యకు విరిచి, దోషము ముందు సగములో ఉన్నదో వెనుక సగములో ఉన్నదో తేల్చుకొనుటయే పరీక్ష అంతటికిని మూలసూత్రము.

బొత్తిగా ధ్వని లేనిచో

మొదట స్పీకరును వలయమునుండి విడదీసి, 1.5 వోల్టుల ఘటమును దాని తీగలకు క్షణకాలము తాకించవలెను. 'టక్' మని చప్పుడైనచో స్పీకరు బ్రతికియే ఉన్నది. మల్టీమీటరుతో కొలిచినను చాలును. 8 ఓముల స్పీకరు సాధారణముగా 6 నుండి 8 ఓముల వరకు చూపును.

తరువాత వర్ధకము. కంప్యూటరునుండి వచ్చు తీగను తీసివేసి, అదే చోట పాటలు వినిపించు మరియొక యంత్రమునుండి ధ్వనిని ఇచ్చి చూడవలెను. పాట స్పష్టముగా వినబడినచో వర్ధకము, స్పీకరు రెండును నిర్దోషులు. దోషము ముందు సగములోనే ఉన్నది.

ముందు సగములో మిక్కిలి తరచుగా జరుగు పొరపాటు కాళ్ళ సంఖ్యలకు సంబంధించినది. పై కంప్యూటరు కాలికి రెండు సంఖ్యలు కలవు. ఒకటి వరుసలో దాని స్థానము. రెండవది ప్రోగ్రాములలో దానికి పెట్టిన జి.పి.ఐ.ఓ. సంఖ్య. ధ్వనికి సాధారణముగా వాడు జి.పి.ఐ.ఓ. 18 వరుసలో 12వ కాలు. వరుసలో 18వ కాలు జి.పి.ఐ.ఓ. 24; దానిపై ధ్వని ఎన్నటికిని రాదు. అట్లే జి.పి.ఐ.ఓ. 19 వరుసలో 35వ కాలు. మరియు ధ్వనిని ఈ కాళ్ళకు మళ్ళించవలెనని కంప్యూటరు అమరికల ఫైలులో తెలుపనిచో అది హెచ్.డి.ఎమ్.ఐ. తీగ వైపే ధ్వనిని పంపుచుండును. కొన్ని చిన్న తెరలు తమ వెలుగును హెచ్చుతగ్గులు చేయుటకు జి.పి.ఐ.ఓ. 18నే వాడుకొనును. ఒకే కాలికి రెండు పనులు అప్పగించినచో ఏదియు సరిగా జరుగదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. పి.ఏ.ఎమ్. 8403 వంటి చిన్న వర్ధకములలో స్పీకరునకు పోవు రెండు తీగలును చురుకైనవే. 'మైనస్' అని వ్రాసియున్నంత మాత్రమున అది గ్రౌండు కాదు. దానిని గ్రౌండుకు కలిపినచో వర్ధకము చెడిపోవచ్చును. చెవి గొట్టముల రంధ్రములో రెండు ప్రక్కలకు ఒకే ఉమ్మడి తీగ ఉండును గనుక, ఇట్టి వర్ధకమును దానికి నేరుగా కలుపరాదు.

రొద వినబడినచో

ఆట నడువకున్నను గురగురమను రొద, తెరపై బొమ్మ మారినప్పుడెల్ల స్వరము మార్చు కీచుమను శబ్దము: ఇవి అన్నిటికంటె సామాన్యమైన ఫిర్యాదులు. వీటికి నాలుగు పరీక్షలు కలవు.

ఒకటి: ఎమ్యులేటరులో ధ్వనిని పూర్తిగా తగ్గించి చూడుము. రొద తగ్గనిచో అది ఆటలో పుట్టినది కాదు, తీగలలో పుట్టినది.

రెండు: తెర వెలుగును మార్చుము. రొద స్వరము కూడ మారినచో తెరకు పోవు విద్యుత్తే దోషి.

మూడు: కంప్యూటరునుండి వచ్చు ధ్వని తీగను తొలగించి, వర్ధకపు ప్రవేశ కాలిని వర్ధకము ప్రక్కనే గ్రౌండుకు కలుపుము. అప్పటికిని రొద ఉన్నచో అది వర్ధకమునకు శక్తినిచ్చు తీగలద్వారా వచ్చుచున్నది. పోయినచో ధ్వని తీగ ద్వారాగాని, గ్రౌండు తీగ ద్వారాగాని వచ్చుచున్నది.

నాలుగు: వర్ధకమునకు శక్తిని మూడు 1.5 వోల్టుల ఘటములనుండి వేరుగా ఇచ్చి చూడుము. రొద మాయమైనచో శక్తి తీగలను ఉమ్మడిగా వాడుటయే కారణమని రూఢి యగును.

గ్రౌండు తీగ ఇంత అల్లరి ఎట్లు చేయగలదు? తీగ ఎంత మంచిదైనను దానికి కొంత నిరోధము తప్పదు. 0.32 మిల్లీమీటర్ల వ్యాసముగల రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓములు, 10 సెంటీమీటర్ల ముక్కకు 0.021 ఓములు. కంప్యూటరు, తెర వాడుకొన్న విద్యుత్తు ఈ ముక్క ద్వారానే బాటరీవైపు మరలుచున్న దనుకొందము. ఆ ప్రవాహము 0.2 ఆంపియరు మేర హెచ్చుతగ్గులైనచో తీగ రెండు కొనల మధ్య 0.004 వోల్టు హెచ్చుతగ్గగును. ఇది స్వల్పమే. కాని కంప్యూటరు తీగ ఒక కొనను, వర్ధకము రెండవ కొనను 'సున్న వోల్టు'గా భావించుచున్నచో ఈ స్వల్పభేదము ధ్వనితో కలిసిపోవును. పి.ఏ.ఎమ్. 8403 వర్ధకము, బయట అదనపు నిరోధకములు లేనప్పుడు, ధ్వనిని సుమారు 16 రెట్లు పెంచును. అప్పుడు స్పీకరుపై 0.07 వోల్టు రొద కనబడును. నిశ్శబ్దమైన గదిలో చెవికి అది చాలును.

కారణము తెలిసిన తరువాత చికిత్స సులభము. తీగ వ్యాసమును రెట్టింపు చేసినచో నిరోధము నాలుగవ వంతగును. పొడవును సగము చేసినచో మరల సగమగును. ఈ రెంటివలన రొద ఎనిమిదవ వంతునకు దిగును. తెరనుండి మరలు తీగను వేరుగా బాటరీవైపునకు తీసికొనిపోవలెను. ధ్వని తీగను, దాని గ్రౌండు తీగను జడవలె పెనవేసి, శక్తి తీగలకు దూరముగా నడుపవలెను. పి.ఏ.ఎమ్. 8302 వంటి వర్ధకములకు రెండు ప్రవేశములు కలవు. అవి తమ మధ్య భేదమును మాత్రమే పెంచును. రెండవ ప్రవేశమును కంప్యూటరు ప్రక్కనున్న గ్రౌండుకు కలిపినచో గ్రౌండు రొద చాలవరకు రద్దగును.

రొద శక్తి తీగలదైనచో వర్ధకము దగ్గరనే 470 మైక్రోఫారడ్ల కెపాసిటరును, దాని ధన ఋణములు తారుమారు కాకుండ చూచి, కలుపవలెను. బాటరీ వోల్టేజిని 5 వోల్టులకు పెంచు వలయము సాధారణముగా చెవికి అందని పౌనఃపున్యముతో పనిచేయును. కాని భారము తేలికైనప్పుడు కొన్ని వలయములు స్పందములను దాటవేయును. అప్పుడు కీచుధ్వని పుట్టవచ్చును.

ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. స్పందముల పద్ధతిలో 3.3 వోల్టుల సరఫరాలోని ప్రతి అలజడియు నేరుగా ధ్వనిలో చేరును. కావున కొంత సన్నని రొద సహజము. అదియు వలదనువారు మాక్స్ 98357ఏ వంటి భాగమును వాడవచ్చును. దానికి ధ్వని అంకెలుగానే చేరి, స్పీకరు ముంగిట మాత్రమే విద్యుత్తరంగముగా మారును.

గొంతు బొంగురుపోయినచో

ధ్వని తగ్గించినప్పుడు బాగుండి, పెంచినప్పుడు బొంగురుపోవుట వేరు దోషము. పైన చెప్పిన 1.18 వోల్టుల ధ్వని మధ్యరేఖకు ఇరువైపుల 0.59 వోల్టు ఊగును. 16 రెట్లు పెంచినచో 9.4 వోల్టులు కావలెను. కాని 5 వోల్టుల సరఫరా గల వర్ధకము అంతకు మించి ఇవ్వజాలదు. తరంగపు తలలు కత్తిరింపబడును. చెవికి బొంగురు వినబడును. ఇందులకు మందు పెద్ద వర్ధకము కాదు. ధ్వనిని మొదటనే మూడవ వంతు తగ్గించినను చాలదు; సగమునకు తగ్గించవలెను. 8 ఓముల స్పీకరుపై 5 వోల్టుల శిఖరముగల తరంగము సుమారు 1.5 వాట్లు వెచ్చించును. అర వాటు స్పీకరు ఆ వేడికి చాలకాలము ఓర్వలేదు.

పెద్ద చప్పుడైనప్పుడెల్ల తెర మినుకుమని, కొన్నిసార్లు కంప్యూటరు మొదటినుండి ప్రారంభమైనచో సరఫరా వోల్టేజి కుంగుచున్నదని గ్రహించవలెను. సన్నని బాటరీ తీగలు, అరిగిన స్విచ్చి ఇందుకు ముఖ్య కారణములు.

చిటపటలు వినబడినచో

ఆట ధ్వనిని తగ్గించగానే పోవు చిటపటలు తీగల దోషము కావు, లెక్కల దోషము. అసలు గేమ్‌బాయ్ సెకనుకు 59.73 బొమ్మలు చూపును. మన తెరలు సాధారణముగా 60 చూపును. ఒక్కొక్క బొమ్మతో సుమారు 738 ధ్వని అంకెలు తయారగును. తెర వేగమునకు ఆటను కట్టివేసినచో సెకనుకు 44,300 అంకెలు పుట్టును. వాడుక 44,100 మాత్రమే. మిగిలిన 200 తాత్కాలిక నిలువలో చేరుచుండును. తొట్టిలోనికి వచ్చు నీరు పోవు నీటికంటె ఎక్కువైనచో ఏమగును? 64 మిల్లీసెకన్ల ధ్వనిని, అనగా సుమారు 2,800 అంకెలను, పట్టు ఖాళీ తొట్టి 14 సెకన్లలో పొర్లును. పొర్లినప్పుడు అంకెలు జారిపోయి 'టప్' మనును. చిటపటలు సమానమైన వ్యవధులలో వచ్చుట దీని గుర్తు. రెట్రోఆర్చ్ అను ప్రోగ్రాములో ధ్వని వేగమును చెవికి తెలియనంత స్వల్పముగా సవరించు ఏర్పాటు కలదు. దానిని వాడిన ఈ దోషము పోవును.

ఆట నెమ్మదించినప్పుడే ధ్వని తునకలైనచో తొట్టి ఎండిపోవుచున్నదని అర్థము. కంప్యూటరు అంత పనిని మోయలేకున్నది. తేలికైన ఎమ్యులేటరును ఎన్నుకొనవలెను.

గొంతు పీలగా ఉన్నచో

విద్యుత్తంతయు సరిగా ఉండియు ధ్వని రేకుడబ్బా చప్పుడువలె ఉండవచ్చును. స్పీకరు పొర ముందుకు వచ్చినప్పుడు ముందరి గాలి నొక్కబడును, వెనుక గాలి పలుచనగును. రెండును పొర అంచు చుట్టు తిరిగి కలిసినచో ఒకదాని నొకటి రద్దు చేసికొనును. 300 హెర్ట్జుల ధ్వనికి తరంగదైర్ఘ్యము ఒక మీటరుకు పైగా ఉండును. దానిముందు నాణెమంత స్పీకరు అడ్డము కానేరదు. ఒక అట్టకు రంధ్రము చేసి స్పీకరును దానికి అదిమి వినుడు. గొంతు నిండుగా మారుట వెంటనే తెలియును. పెట్టెలో స్పీకరు అంచుచుట్టు మెత్తని రబ్బరు నురుగు పట్టీ అంటించుటయే నివారణ.

పని ముగించుటకు ముందు

టంకము వేయునప్పుడు బాటరీని విడదీయుట మరువరాదు. లిథియం ఘటము తీగలు ఒకదాని కొకటి తగిలినచో క్షణములో మిక్కిలి వేడెక్కి అంటుకొనవచ్చును. ఘటముపై నేరుగా టంకము వేయరాదు. ఉబ్బిన ఘటమును వాడరాదు. ఒకేరకముగా కనబడు బాటరీ గొళ్ళెములలో ధన ఋణములు తారుమారుగా ఉండుట కద్దు. మల్టీమీటరుతో చూచిన పిమ్మటనే తగిలించవలెను.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితమును కాగితముపై వ్రాసికొనవలెను. రెండు మార్పులు ఒక్కసారి చేసినవానికి దోషము పోయినను, ఎందుకు పోయినదో తెలియదు. మరల వచ్చినప్పుడు మొదటికి వచ్చును. ఈ క్రమమును అలవరచుకొన్న విద్యార్థికి ఆటపెట్టె పలుకుటతోపాటు, రేపు రేడియో గాని, వినికిడి యంత్రము గాని చేతికి వచ్చినప్పుడు దానిని ఎట్లు ప్రశ్నించవలెనో కూడ తెలియును.