బండిలో కుక్క, గడ్డిలో తోడేలు

షోలాపూర్ తూర్పు భాగంలో కోడికూత కంటే సాంచాల (మరమగ్గాల) చప్పుడే ముందు వినిపిస్తుంది. అశోక్ చౌక్, సాఖర్ పేట, దత్త నగర్ గల్లీల్లో దుకాణాల బోర్డులు మరాఠీలో ఉంటాయి, గడపల మీది ముచ్చట్లు మాత్రం తెలుగులో సాగుతాయి. పత్తి మిల్లులు లేచిన 19వ శతాబ్దంలో తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని చేతపట్టుకుని వచ్చిన పద్మశాలీల మునిమనుమలు వీళ్లు. మగవాళ్లు సాంచాల మీద చద్దర్లు, టవళ్లు నేస్తారు. ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. నాలుగు రోజులు పని ఆగిందంటే ఇంటిల్లిపాదీ బండెక్కాల్సిందే. యాదగిరిగుట్ట, వేములవాడ, కాస్త తీరిక దొరికితే శ్రీశైలం.

ఆ బండిలో ఏముంటుందో చూస్తే చాలు, క్యాంపర్ ప్రయాణం ఈ వాడలకు కొత్త కాదని తెలుస్తుంది. బియ్యం సంచి, చిన్న గ్యాస్ స్టవ్వు, నీళ్ల డబ్బాలు, చాపలు, నెల తిరిగినా చెడని కడక్ రొట్టెలు, వాటిలోకి శేంగా చట్నీ. చెట్టు నీడ కనిపిస్తే వంట, గుడి సత్రంలోనో బండిలోనో నిద్ర. మహారాష్ట్ర ప్రభుత్వం క్యారవాన్ పర్యాటకానికి 2021లో ఒక విధానం తెచ్చింది. మంచాలు, వంటగది, మరుగుదొడ్డి ఉన్న బండ్లు అద్దెకు దొరకడం మొదలైంది. ఆ సౌకర్యం కొత్తదే, ఇల్లు వెంటేసుకుని తిరిగే అలవాటు మాత్రం తాతల నాటిది.

కుక్క ఉన్న ఇంటికి మాత్రం బయల్దేరే రోజు మనసు ఒప్పదు. రైల్లో కుక్కను తీసుకుపోవాలంటే మొదటి తరగతి ఏసీలో కూపే మొత్తం దొరకాలి, లేదంటే గార్డు పెట్టెలో వేయాలి. పక్కింట్లో వదిలితే అది మూడు రోజులు అన్నం ముట్టదు. అందుకే సొంత బండో అద్దె బండో చూసుకుని, వెనక సీటు మీద పాత షోలాపూర్ చద్దరు మడిచి పరిచి, దాన్నీ ఎక్కించుకుంటారు. శేంగా చట్నీలో వెల్లుల్లి ఉంటుంది కాబట్టి ఆ ముద్ద కుక్కకు పెట్టకూడదు. వెల్లుల్లి, ఉల్లి రెండూ దాని రక్తాన్ని పాడు చేస్తాయి.

నిజానికి దక్కనులో బాటసారికి కుక్క తోడు ఇప్పటిది కాదు. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, కోల మూతి ఉన్న ఈ ప్రాంతపు వేటకుక్కను మరాఠీ పల్లెల్లో కార్వానీ అంటారు. బిడారుల వెంట నడిచిందని దానికా పేరు. కృష్ణకు ఆవల కర్ణాటకలో దాన్నే ముధోల్ కుక్క అంటారు. ముధోల్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని కాపాడి పెంచాడు. 2005లో తపాలా శాఖ స్వదేశీ కుక్కల మీద నాలుగు బిళ్లలు వేస్తే వాటిలో ముధోల్ ఒకటి. షోలాపూర్ తెలుగువాళ్లు తరచూ వెళ్లే గాణగాపురం దేవుడు దత్తాత్రేయుడి పటాల్లో పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి, నాలుగు వేదాలకు గుర్తుగా. కుక్కను ఇంత దగ్గర చేసుకున్న నేల ఇది.

మరి అదే కుక్క అడవి గేటు దగ్గర ఎందుకు ఆగాలి?

జవాబు షోలాపూర్ నుంచి బార్శీ దారిలో ఇరవై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. నాన్నజ్ ఊరి దగ్గర చెట్టూ చేమా పెద్దగా లేని గడ్డి మైదానం మొదలవుతుంది. ప్రభుత్వ కాగితాల్లో చాలాకాలం ‘బీడు’ అనిపించుకున్న నేల అది. షోలాపూర్‌కు చెందిన బి.ఎస్.కులకర్ణి 1972లో ఇక్కడ బట్టమేక పిట్టలున్న సంగతి లోకానికి చెప్పారు. 1979లో అది అభయారణ్యమైంది. కాగితం మీద 8,496 చదరపు కిలోమీటర్లతో దేశంలోనే పెద్దవాటిలో ఒకటిగా ఉండేది. ఊళ్లూ పొలాలూ అందులోనే ఉండడంతో తర్వాత 1,222కు కుదించారు. మీటరు ఎత్తు నిలబడే ఆ పిట్ట నేల మీద, గూడంటూ కట్టకుండా, ఒక్క గుడ్డు పెడుతుంది. కుక్క ముక్కుకు ఆ ఒక్క గుడ్డు చేరడానికి ఎంతసేపు పడుతుంది? దేశం మొత్తం మీద ఈ పిట్టలు 150 కూడా లేవు. నాన్నజ్‌లో ఇప్పుడు కనిపించడమే అరుదు. మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో వీటికోసమే అభయారణ్యం పెట్టారు, అక్కడా అదే పరిస్థితి.

పిట్ట కనపడకపోయినా నాన్నజ్ గడ్డిలో కృష్ణజింకలు గెంతుతాయి, నక్క తొంగి చూస్తుంది, అదృష్టం బాగుంటే పొద్దుగూకే వేళ తోడేలు గట్టు దాటుతుంది. భారతీయ తోడేళ్లు దేశంలో సుమారు మూడు వేలే మిగిలాయి, పులుల కంటే తక్కువ. పులి మీద ఉన్న శ్రద్ధలో పావు వంతు కూడా తోడేలుకు దక్కలేదు. అది బతికేది దట్టమైన అడవిలో కాదు, గొర్రెల మందలు తిరిగే ఈ గడ్డిలోనే. కుక్కతో దానికి వచ్చే ముప్పు కాట్లాట ఒక్కటే కాదు. పుణె దగ్గరి గడ్డి మైదానంలో పసుపు ఛాయతో తిరిగిన తోడేళ్లకు జన్యు పరీక్ష చేస్తే కుక్క రక్తం కలిసిందని 2023లో తేలింది. రెండూ ఒకే వంశానివి, జత కడతాయి, పిల్లలు పుడతాయి. అలా నాలుగు తరాలు కలిస్తే తోడేలు రూపమే మిగులుతుంది, తోడేలు మిగలదు.

రోగం సంగతి ఇంకా ఘోరం. డిస్టెంపర్ అనే వైరస్ కుక్కల నుంచి అడవికి పాకుతుంది. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో సింహాల్లో దాదాపు మూడోవంతు, అంటే వెయ్యి వరకు, దానికే బలయ్యాయి. 2018 సెప్టెంబరులో గుజరాత్ గిర్‌లో వారాల వ్యవధిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోతే, వాటిలోనూ ఇదే వైరస్ దొరికింది. అభయారణ్యానికి 5 కిలోమీటర్ల లోపు ఉన్న పశువులకు టీకాలు వేయించాలని మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నిబంధన ఉన్నది ఇలాంటి భయంతోనే. బండిలో కుక్కను ఎక్కించేవాళ్లు రేబిస్ టీకాతో సరిపెట్టుకోకూడదు. డిస్టెంపర్, పార్వో టీకాలు కూడా వేయించి, ఆ కార్డు వెంట పెట్టుకోవాలి.

అమెరికా పార్కుల గురించి విన్నవాళ్లు అక్కడ కుక్కలకు అంతా స్వేచ్ఛే అనుకుంటారు. ఆ దేశాన్ని మొట్టమొదట మోటారు కారులో దాటిన హొరేషియో నెల్సన్ జాక్సన్ 1903లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కు 63 రోజుల్లో చేరాడు. దారిలో కొన్న బడ్ అనే బుల్‌డాగ్‌కు దుమ్ము పడకుండా కళ్లద్దాలు తొడిగాడు. ఆ ఫొటోలు ఇప్పటికీ ముద్దొస్తాయి. 1960లో రచయిత జాన్ స్టయిన్‌బెక్ ట్రక్కు మీద గది కట్టించుకుని చార్లీ అనే పూడిల్‌తో దేశం చుట్టాడు. ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లను చూడగానే సాధువులాంటి చార్లీ పూనకం వచ్చినట్టు ఊగిపోయిందనీ, తాను బండి వెనక్కి తిప్పాల్సి వచ్చిందనీ ఆయనే రాసుకున్నాడు. అదే ఎల్లోస్టోన్‌లో నేడు కుక్క రోడ్డుకు, పార్కింగుకు, క్యాంపుకు 100 అడుగుల లోపే ఉండాలి, గొలుసు 6 అడుగులు మించకూడదు, కాలిబాటల మీదికి అసలు రాకూడదు. అకేడియా పార్కులో మాత్రం 160 కిలోమీటర్ల దాకా కాలిబాటలు కుక్కలకూ తెరిచారు. ఎక్కడ తోడు రావచ్చో ఎక్కడ రాకూడదో అక్కడ స్పష్టంగా రాసి పెడతారు. మన దగ్గర ఆ బోర్డు ఇంకా చాలాచోట్ల లేదు. ఉండాలి.

అడవి లోపలికి కుక్కను తీసుకెళ్లలేం కాబట్టి షోలాపూర్ నుంచి బయల్దేరేవాళ్లు వంతులు వేసుకోవాలి. నాన్నజ్‌లో ఇద్దరు లోపలికి వెళ్తే ఒకరు బయట వేపచెట్టు కింద కుక్కతో ఉండాలి, వాళ్లొచ్చాక వీళ్లు వెళ్లాలి. అద్దాలు మూసిన బండిలో మాత్రం నిమిషం కూడా వదలకూడదు. షోలాపూర్ వేసవి 42 డిగ్రీలు దాటుతుంది, ఎండలో నిలిపిన బండి పది నిమిషాల్లోనే కొలిమి అవుతుంది. మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు కుక్కకు, నాలుక చాపి రొప్పడమే దాని ఉపాయం.

శ్రీశైలం పోవాలంటే హైదరాబాద్ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, సుమారు 300 కిలోమీటర్లు. నల్‌దుర్గ్ దగ్గర ఒకసారి, ఉమర్గా దాటాక ఒకసారి, జహీరాబాద్‌లో ఇంకోసారి ఆగి నీళ్లు పెట్టి నడిపిస్తే కుక్క ఇబ్బంది పడదు. హైదరాబాద్ దాటి అచ్చంపేట వైపు మళ్లాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం వస్తుంది. 2,611 చదరపు కిలోమీటర్ల నల్లమల. అక్కడి పెంటల్లో, అంటే గూడేల్లో, చెంచులకు కుక్క ఇంటిమనిషే, వాళ్లతోపాటు ఆ అడవి వాసనలన్నీ ఎరిగినది. షోలాపూర్ గల్లీలో పెరిగిన కుక్క అలాంటిది కాదు. చిరుతకు అది ఎర. మహారాష్ట్ర అకోలేలో చిరుతల మలం పరీక్షించి చూస్తే, అవి తిన్న మాంసంలో 39 శాతం పెంపుడు కుక్కలదేనని తేలింది. శ్రీశైలం, సున్నిపెంట వీధుల్లో రాత్రి చిరుత తిరగడం అక్కడివాళ్లకు కొత్త కాదు. కుక్కను బండి కిందో సత్రం అరుగు మీదో కట్టేసి పడుకోవడమంటే దాన్ని అప్పగించడమే.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. ఆలస్యంగా చేరిన యాత్రికుల బండ్లు అక్కడే వరసగా నిలబడతాయి. ఒకరు స్టవ్వు వెలిగించి చాయ్ పెడతారు, మరొకరు కడక్ రొట్టె విరిచి పిల్లల చేతిలో పెడతారు. వెనక సీటు చద్దరు మీద కుక్క పడుకుంటుంది, అద్దం నాలుగు వేళ్ల మేర తెరిచి ఉంటుంది. తెల్లవారుజామున అడవి నుంచి చల్లగాలి వీస్తుంది. కుక్క లేచి కూర్చుని, ముక్కు ఆ సందులో పెట్టి, మనుషులకు అందని వాసన దేన్నో పీలుస్తుంది. దాని మెడ మీది వెంట్రుకలు నిక్కుతాయి. పక్కన కూర్చున్నవాళ్లు చెయ్యి వేసి నిమురుతూ అద్దం రెండు వేళ్లు పైకెత్తుతారు. ఆరు కొట్టగానే గేటు లేస్తుంది.