ఒక జామపండు - ఆరు పాఠములు

బాలబాలికలకు ఆహారమును గూర్చి బోధించుట ఆరోగ్యశాస్త్ర పాఠమునకు మాత్రమే చెందిన పని యని మనలో పలువురు భావింతురు. వారమున కొక గంట ఆ పాఠము జరుగును. గోడకు పండ్ల పటము వ్రేలాడును. ఉపాధ్యాయుడు ఒక్కొక్క బొమ్మను చూపగా పిల్లలు ఏకకంఠముతో పేర్లు చెప్పుదురు. గంట మ్రోగగానే పటమును చుట్టి బీరువాలో పెట్టుదురు. "పండ్లు ఆరోగ్యమునకు మంచివి" అని పరీక్షలో వ్రాసి పూర్తి మార్కులు పొందిన బిడ్డ ఆ వారమున ఒక్క పండైనను తినియుండకపోవచ్చును. పాఠము నోటికి వచ్చినది గాని పండు నోటిలోనికి పోలేదు.

ఇంకొక చిక్కు కూడ కలదు. ఇంగ్లీషు అక్షరములు నేర్చుకొను బిడ్డకు మొట్టమొదట పరిచయమగు ఫలము ఆపిల్. అది కాశ్మీరము, హిమాచల ప్రదేశము వంటి చలికొండలలో పండునది. తెలుగు పల్లెలోని బిడ్డ దానిని చెట్టున చూడజాలడు. జబ్బుపడిన బంధువును చూడబోవునపుడు పెద్దలు సంచిలో వేసికొనిపోవు పండుగానే దానిని ఎరుగును. అందుచేత ఖరీదు గల పండే బలమైన పండనియు, పెరటిలోని జామ, వీధి చివరి నేరేడు, గట్టుమీది రేగు చిల్లర తిండ్లనియు చిన్ననాటనే ఒక అభిప్రాయము నాటుకొనును. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత మనకు ఉండనే ఉన్నది. ఆ సామెత పండ్ల విషయమున ఎంత పొరపాటో పిల్లలే కనుగొనునట్లు చేయుట ఈ వ్యాసమున సూచింపబడు పద్ధతి యొక్క ఉద్దేశము.

ఒక వస్తువును కేంద్రముగా నుంచుకొని పలు విషయములను దానితో అనుసంధించి బోధించుట మన దేశమునకు క్రొత్త గాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముని అధ్యక్షతన జరిగిన విద్యా సమావేశము నుండి పుట్టి, డాక్టరు జాకీర్ హుస్సేను సంఘముచే రూపుదిద్దుకొన్న బేసిక్ విద్యావిధానమునకు ఇదియే ప్రాణము. అచ్చట రాట్నము కేంద్రమైనట్లు, ఇచ్చట ఒక పండు కేంద్రము కావచ్చును. ప్రాథమిక తరగతులలో ఒక వారమునకు ఒక పండును ఎన్నుకొన్నచో చాలును. ఉదాహరణమునకు జామపండును తీసికొందము.

భాష

పిల్లలకు తెలిసిన మాటలతోనే పాఠము మొదలు కావలెను. తెలుగుభాష ఒకే ఫలమునకు దాని వయస్సును బట్టి వేరువేరు పేర్లు పెట్టినది: పిందె, పచ్చికాయ, దోరకాయ, పండు. నాలుగు దశలలోని జామలను బల్లమీద వరుసగా ఉంచి, రంగు, గట్టిదనము, వాసన, రుచి ఎట్లు మారినవో పిల్లలచేత చెప్పింపవలెను. వగరు, పులుపు, తీపి అను మాటలకు పుస్తకములోని నిర్వచనము కంటె నాలుక చెప్పు సాక్ష్యము గట్టిది. తొడిమ, తొక్క, కండ, గింజ అను భాగముల పేర్లను ఇక్కడనే నేర్పవచ్చును. పనసకు తొన, మామిడికి టెంక యున్నవి గదా, జామకు ఏమున్నదని అడిగినచో పిల్లలు తమంతట తామే పోల్చి చూచుటకు పూనుకొందురు. మామిడిపండు అనుచు జామకాయ అని ఎందుకు అందుమో ఆలోచింపుమన్నచో పెద్ద తరగతి పిల్లలు ఒక గంటసేపు ఉత్సాహముగా వాదించుకొందురు.

గణితము

మధ్యరకపు జామపండును త్రాసులో తూచినచో ఇంచుమించు 100 గ్రాములు తూగును. అందు సుమారు 200 మిల్లీగ్రాముల విటమిను 'సి' యుండును. 7 నుండి 9 సంవత్సరముల బిడ్డకు దినమునకు 45 మిల్లీగ్రాములు కావలెనని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన పట్టిక చెప్పుచున్నది. ఈ మూడు అంకెలను నల్లబల్లపై వ్రాసి, ఒక పండు ఎందరు పిల్లలకు సరిపోవునో లెక్క కట్టుడని అడుగవలెను. పండును నాలుగు సమభాగములుగా కోసినచో ఒక్కొక్క ముక్కకు 50 మిల్లీగ్రాములు వచ్చును. అనగా ఒకే పండు నలుగురు బిడ్డలకు ఆనాటి అవసరమును తీర్చును. నాలుగవ వంతు అను భిన్నము ఇంత స్పష్టముగా మరెచ్చటను బోధపడదు.

తరువాత ఆపిల్ లెక్క చేయింపవలెను. 100 గ్రాముల ఆపిల్‌లో విటమిను 'సి' 5 మిల్లీగ్రాములకు మించదు. అదే 45 మిల్లీగ్రాములకై ఎంత ఆపిల్ తినవలెను? కనీసము 900 గ్రాములు. అంగడిలోని ధరలను పిల్లలచేత కనుగొనజేసి రెండింటి ఖర్చును పోల్చినచో, పెరటిచెట్టు విలువ వారికి రూపాయలలో తెలియును. ఆపిల్ చెడ్డది యని దీని అర్థము కాదు. ధర వేరు, గుణము వేరు అని గ్రహించుటయే ఇందలి ప్రయోజనము.

ఇచ్చట ఒక జాగ్రత్త కలదు. "నిన్న నీవు ఏ పండు తింటివి?" అని తరగతిలో పేరుపేరున అడుగరాదు. పండు కొనలేని ఇంటి బిడ్డ ఆ ప్రశ్నకు తలవంచుకొనును. దానికి బదులు ఊరిలో ఏయే వీధిలో ఎన్ని పండ్ల చెట్లు కలవో లెక్కించి రమ్మనవలెను. ఒక చెట్టుకు ఒక చింతగింజ చొప్పున వరుసలు పేర్చినచో అదియే వారి తొలి గణాంక చిత్రమగును.

ప్రకృతి శాస్త్రము

జామపువ్వు తెల్లగా, నడుమ కుచ్చువంటి కేసరములతో నుండును. నేరేడు పువ్వును దాని ప్రక్కన ఉంచినచో పోలిక కనబడును. జామ, నేరేడు, లవంగము ఒకే వృక్ష కుటుంబమునకు చెందినవి. ఆకును నలిపి వాసన చూచిన పిల్లలకు ఈ బంధుత్వమును నమ్ముట కష్టము కాదు.

చిలుక కొట్టిన కాయ తీయగా ఉండునని పిల్లలు చెప్పుదురు. వారి పరిశీలన సరియైనదే. పక్షి పండిన కాయనే ఎన్నుకొనును, దాని గింజలను దూరమునకు చేర్చును. కాని అట్టి కాయను మనము తినరాదని గట్టిగా చెప్పవలెను. 2018లో కేరళలో నీపా వ్యాధి కనిపించినప్పుడు, పక్షులు, గబ్బిలములు కొరికిన పండ్లను తినవద్దని ఆరోగ్యశాఖలు ప్రజలను హెచ్చరించినవి. కొరికినది గబ్బిలమో చిలుకయో కాయను చూచి నిర్ణయింపజాలము.

విటమిను కంటికి కనబడదు గదా, ఉన్నదని ఎట్లు నమ్ముదుమని చురుకైన బిడ్డ అడుగును. దానికి చక్కని ప్రయోగము కలదు. గ్లాసెడు నీటిలో ఒక చెంచా గంజి కలిపి, అందు ఒక చుక్క టింక్చరు అయోడిను వేసినచో నీరు నీలవర్ణమగును. దానిని రెండు గాజు గ్లాసులలో సమముగా పోయవలెను. ఒకదానిలో జామరసమును, రెండవదానిలో ఆపిల్ రసమును చుక్క చుక్కగా వేయుచు, నీలిరంగు పోవువరకు చుక్కలు లెక్కింపవలెను. జామరసము కొద్ది చుక్కలతోనే రంగును పోగొట్టును. ఆపిల్ రసము అంతకంటె చాల ఎక్కువ కావలసివచ్చును. అయోడిను సీసాను ఉపాధ్యాయుడే పట్టుకొనవలెను. ప్రయోగము ముగిసిన పిమ్మట ఆ ద్రవమును పారబోయవలెను.

భూగోళము

జామ మన సొంత చెట్టు అని అందరు అనుకొందురు. దాని పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. పోర్చుగీసువారు సముద్రములపై రాకపోకలు సాగించిన కాలమున అది మన దేశమునకు చేరినది. బొప్పాయి, అనాస, సీతాఫలము, సపోటా కూడ అమెరికా ఖండము నుండి వచ్చినవే. పృథ్వీగోళముపై ఆ దారిని వ్రేలితో గీసిన బిడ్డకు ఖండముల పేర్లు వేరుగా వల్లెవేయ పనిలేదు. ఈ ప్రయాణమునకు గుర్తులు పేర్లలో మిగిలియున్నవి. మరాఠీలో 'పేరూ', వంగభాషలో 'పేయారా' అను పేర్లు బేరిపండును సూచించు పోర్చుగీసు మాటకు సంబంధించినవని చెప్పుదురు. హిందీలోని 'అమ్రూద్' అను మాటకు పారసీక భాషలో బేరిపండనియే అర్థము. క్రొత్త పండును చూచిన జనులు తాము ఎరిగిన పండు పేరునే దానికి పెట్టిరి.

చరిత్ర

విటమిను అను మాట పుట్టకముందే దాని లోపము వేల నావికులను బలిగొన్నది. నెలల తరబడి సముద్రముపై నుండి, తాజా పండ్లు, కూరలు లేక, చిగుళ్లు వాచి రక్తము కారి వారు మరణించెడివారు. ఆ వ్యాధి పేరు స్కర్వీ. 1747లో సాలిస్‌బరీ అను ఓడపై జేమ్స్ లిండ్ అను వైద్యుడు పన్నిద్దరు రోగులను ఆరు జంటలుగా చేసి, జంట కొక చికిత్స చేసెను. దినమునకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు చొప్పున తిన్న జంట ఆరు దినములలో తేరుకొన్నది. లిండ్ తన గ్రంథమును 1753లో ప్రకటించెను. కాని బ్రిటిషు నౌకాదళము నావికులకు నిమ్మరసమిచ్చుటకు నిశ్చయించినది 1795లో. ఆ రసములోని గుణకారి పదార్థమును 1928లో వేరుచేసిన ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీకి 1937లో నోబెల్ బహుమానము లభించినది.

1795 నుండి 1747 తీసివేయుమని పిల్లలను అడుగవలెను. ఓడపై తెలిసిన సంగతి నావికుని నోటికి చేరుటకు నలుబదియెనిమిది సంవత్సరములు పట్టినది. ఆ నడుమ మరణించిన వారికి ఆ జ్ఞానము ఏమి మేలు చేసినది? ఈ ప్రశ్నతో చరిత్ర పాఠమును ముగించుట మంచిది.

ఆరోగ్యము

మన ఇండ్లలో నేడు స్కర్వీ అరుదు. రక్తహీనత అట్లు కాదు. 2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 67 మందికి రక్తహీనత కలదు. అట్టి బిడ్డ త్వరగా అలసిపోవును, పాఠముపై మనస్సు నిలుపలేడు. ఆకుకూరలలో, పప్పులలో, రాగులలో ఇనుము ఉన్నను, శరీరము అందు కొంత భాగమునే గ్రహింపగలదు. అదే భోజనముతో విటమిను 'సి' గల పండు తిన్నచో ఇనుము మరింతగా ఒంటబట్టును. కావున జామముక్కను సాయంకాలము వరకు దాచక మధ్యాహ్న భోజనముతోనే పెట్టుట మేలు. దీనిచేత ప్రభుత్వము పంచు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలను మానరాదు. మాత్ర పని మాత్రదే, పండు పని పండుదే.

జామ తిన్న జలుబు చేయునని తల్లులు భయపడుదురు. జలుబు వైరసుల వలన కలుగును, పండు వలన కాదు. ఈ సంగతిని పిల్లల ద్వారా ఇంటికి పంపవలెను. ఉప్పుకారము చల్లి, ఈగలు ముసరుచుండ, కోసి పెట్టిన ముక్కల వలన మాత్రము రోగములు రాగలవు. పండునకు బదులు సీసాలోని తీపి పానీయము నిచ్చుట సరికాదు. అందు పీచు లేదు, చక్కెర మిక్కుటము. కోయుటకు ముందు పండును, కత్తిని, చేతులను శుభ్రమైన నీటితో కడుగవలెను. పసిపిల్లలకు ద్రాక్షను నిలువుగా చీల్చి ఈయవలెను. రేగు, నేరేడు గింజలను తీసి పెట్టవలెను, లేనిచో గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు.

జామ ఒక్కటియే సర్వము కాదు. కంటికి మేలుచేయు విటమిను 'ఎ' గా మారు పదార్థము తెల్లజామలో లేదనదగినంత స్వల్పము. దానికి బొప్పాయి, మామిడి వంటి పసుపుపచ్చని పండ్లు కావలెను. 2 నుండి 5 ఏండ్ల బిడ్డలకు దినమునకు కనీసము 250 గ్రాములు, 6 నుండి 9 ఏండ్ల వారికి 350 గ్రాములు పండ్లు, కూరగాయలు కలిపి ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది. అందుచేతనే రెండవ వారమున బొప్పాయిని, మూడవ వారమున అరటిని, ఋతువును బట్టి సీతాఫలమును, నేరేడును, రేగును పాఠముగా గైకొనవలెను.

తోట, పళ్లెము

ఈ పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. ముప్పదిమంది గల తరగతికి ఎనిమిది జామపండ్లు చాలును. అవియైనను కొననక్కరలేకుండ, ఆవరణలో ఒక అంటుమొక్కను వానకాలమున నాటవచ్చును. పాఠశాలలలో పోషకాహార తోటలను పెంచుటకు కేంద్ర ప్రభుత్వము 2019లో మార్గదర్శకములను వెలువరించినది. అంటుజామ రెండు మూడు ఏండ్లకే కాపు పట్టును. ఒకటవ తరగతిలో నీరు పోసిన బిడ్డ నాలుగవ తరగతికి వచ్చునప్పటికి దాని కాయను తానే కోయును.

శనివారమునాడు పిల్లలు చేతులు కడుగుకొని పంక్తిలో కూర్చుండగా, తరగతి నాయకులు పండ్లను కడుగగా, ఉపాధ్యాయుడు నాలుగేసి ముక్కలు కోసి భోజనముతో పంచవలెను. ఏ బిడ్డకును తక్కువ రాకుండ లెక్క చూచుట గణితము, రుచిని మాటలలో చెప్పుట భాష, తినుట ఆరోగ్యము. వారమంతయు జరిగిన పాఠములకు ఆ ముక్కయే పరీక్ష. పళ్లెములు ఖాళీయైనచో తరగతి యంతయు ఉత్తీర్ణమైనట్లే.