మూడు గేర్ల ఉక్కు సైకిలు

ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అక్కడ రైల్వే వర్క్‌షాపుకైనా, 1951లో మొదలైన ఐ.ఐ.టి.లో తరగతికైనా సైకిలు మీద వెళ్ళడం పాత అలవాటు. ఆ ఊరి విద్యార్థి ఒకరు కొత్త సైకిలు కొనాలనుకున్నారు. దుకాణంలో మూడు రకాలున్నాయి: గేరు లేని నల్ల సైకిలు, సన్నని ఉక్కు గొట్టాలతో చూడముచ్చటైన మూడు గేర్ల సైకిలు, 21 గేర్లది. ఏది కొనాలి? లెక్క వేసి చూద్దాం.

ముందు పళ్ల చక్రానికి 44, వెనక దానికి 18 పళ్లున్నాయనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లయితే సైకిలు 5.4 మీటర్లు కదులుతుంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. చాలాకాలం ప్రపంచంలో అదే పెద్దది. అంత దూరానికి సుమారు 200 చుట్లు తొక్కాలి. (ప్లాట్‌ఫారం మీద సైకిలు తొక్కమని కాదు, ఇది లెక్క కోసమే!) కింది గేరులో దూరం ముప్పాతిక వంతుకు తగ్గి 4 మీటర్లవుతుంది, చుట్లు 270కి చేరతాయి. పై గేరులో 7.2 మీటర్లు, దాదాపు 150 చుట్లు.

ఎక్కువ చుట్లు తొక్కితే లాభమేమిటి? పురీ గేటు ఫ్లైఓవర్ ఎక్కుతున్నామనుకోండి. ప్రతి 30 మీటర్లకు 1 మీటరు ఎత్తు పెరిగే వాలు అనుకుందాం. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు. వాలు, టైరు ఘర్షణ కలిసి వెనక్కు లాగే బలం దాదాపు 34 న్యూటన్లు. గేరు లేకపోతే ఒక్కో చుట్టుకు 34 × 5.4, అంటే 184 జౌళ్ల పని. పాదం ఆ చుట్టులో నడిచేది 1.07 మీటర్లే కనుక సగటున 172 న్యూటన్ల బలంతో నొక్కాలి. కింది గేరులో 128 న్యూటన్లు చాలు. మొత్తం పని మాత్రం తగ్గదు. గేరు మనకు బలం ఇవ్వదు, బలాన్ని దూరంతో మార్పిడి చేస్తుంది. కాళ్లు తమకు అలవాటైన లయలోనే తిరుగుతాయి, అదే అసలు సుఖం.

ఈ మార్పిడి వెనక చక్రం హబ్‌లోనే జరుగుతుంది. స్టర్మీ ఆర్చర్ వారి ప్రసిద్ధమైన మూడు గేర్ల హబ్ చూడండి. ఇరుసుకు బిగించిన 20 పళ్ల సూర్య చక్రం తిరగదు. దాని చుట్టూ నాలుగు గ్రహ చక్రాలు, వాటిని చుట్టి లోపలివైపు 60 పళ్లున్న వలయం. గ్రహ చక్రాలను పట్టి ఉంచే చట్రం మూడుసార్లు తిరిగితే వలయం నాలుగుసార్లు తిరుగుతుంది. 20, 60 కలిపి 60తో భాగించండి, 4/3 వస్తుంది. చైను చట్రాన్ని తిప్పి, వలయం హబ్‌ను తిప్పితే పై గేరు. చైను వలయాన్ని తిప్పి, చట్రం హబ్‌ను తిప్పితే కింది గేరు, నిష్పత్తి 3/4. వలయమే నేరుగా హబ్‌ను తిప్పితే మధ్య గేరు. ఇంత యంత్రం గుప్పిట్లో పట్టేంత చోట ఇమిడింది! పైగా రైల్వే గేటు దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చుకోవచ్చు. బయట చైను ఒక చక్రం మీది నుంచి మరో చక్రం మీదికి దూకే సైకిళ్లలో అది కుదరదు.

21 గేర్లంటే ముందు మూడు, వెనక ఏడు చక్రాల గుణకారం. వాటిలో చాలా నిష్పత్తులు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. కొండదారులకు అవి సరే, ఖరగ్‌పూర్ వంటి ఊరికి మూడు చాలని నా అభిప్రాయం.

ఇక ఉక్కు సంగతి. అల్యూమినియం కంటే అది దాదాపు మూడు రెట్లు బరువు, దృఢత్వమూ దాదాపు మూడు రెట్లే. అందుకే సన్నని గొట్టాలు సరిపోతాయి. ఫ్రేము విరిగితే ఊళ్ళో వెల్డింగు చేసేవారు అతకగలరు. వేడిచికిత్సతో గట్టిపరచిన అల్యూమినియం ఫ్రేమును అతికితే అతుకు చుట్టూ మెత్తబడుతుంది. ఉక్కుకు శత్రువు తుప్పు. సీటు గొట్టంలోకి దిగిన వాననీరు లోపలి నుంచే తినేస్తుంది, రంగు మీద ఏమీ కనిపించదు. వానాకాలం ముందొకసారి సీటు తీసి, గొట్టం లోపల నూనె పూయించాలి.