రంపము నుండి రెక్కలకు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పత్తిచేలలో రైతు వీపున తగిలించుకొని మందు చల్లెడి పవర్ స్ప్రేయరు చప్పుడు వినని విద్యార్థి అరుదు. ఆ చప్పుడు చేయునది చిన్న టూ స్ట్రోకు ఇంజను. చెట్లను కోసెడి గొలుసు రంపమును నడపునదియు ఆ జాతిదే. నమూనా విమానములు తయారుచేయువారిలో కొందరు ఈ రంపపు ఇంజనునే విప్పి, మార్చి, ఆకాశమునకు పంపుచున్నారు. కట్టెలు కోయు యంత్రము గాలిలో ఎట్లు పనికివచ్చినది?

సమాధానము రంపమును పట్టుకొను తీరులోనే కలదు. కొమ్మలు కోయువాడు దానిని నిలువుగను, అడ్డముగను, ఒక్కొక్కప్పుడు తలక్రిందులుగను పట్టవలసి వచ్చును. సాధారణ కార్బ్యురేటరులో పెట్రోలు నిలుచు గిన్నెయు, అందు తేలెడి బెండును ఉండును. బాగుగ ఒరిగినచో అది సరిగా పనిచేయదు. రంపపు కార్బ్యురేటరులో వానికి బదులు పలుచని పొరలుండును. పిస్టను కదలికవలన ఇంజను లోపల హెచ్చుతగ్గులగు ఒత్తిడి ఒక పొరను ఆడించి పెట్రోలును తోడును. మరియొక పొర దానిని కొలిచి వదలును. కందెన నూనెయు పెట్రోలులోనే కలిసియుండును. కావున పల్టీలు కొట్టు విమానమునకు ఈ ఇంజను చక్కగా అమరినది.

మార్చునపుడు మొదట గొలుసు, పిడి, క్లచ్చి తీసివేయుదురు. చల్లబరచు పంకాయు అక్కరలేదు. ప్రొపెల్లరు గాలియే ఆ పని చేయును. అయస్కాంతములు గల బరువైన ఫ్లైవీలును చెక్కి తేలిక చేయుదురు. లేదా దానిని తీసి, బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించు పరికరమును అమర్చుదురు.

ఇచ్చట ఒక లెక్క కలదు. 50 సీసీ ఇంజనునకు సుమారు 22 అంగుళముల ప్రొపెల్లరు తగును. భారము లేనప్పుడు రంపపు ఇంజను నిమిషమునకు 12,000 చుట్లు తిరుగగలదు. ప్రొపెల్లరును అంత వేగముగా త్రిప్పిరనుకొన్నచో, దాని కొన సెకనుకు సుమారు 350 మీటర్ల వేగమందుకొని ధ్వనినే మించును. అప్పుడు రొద పెరుగును; శక్తి వ్యర్థమగును. 7,000 చుట్లయినచో కొన వేగము 205 మీటర్లే. వేగము తగ్గించుటయే ఇచ్చట లాభము.

తిరుగుచున్న ప్రొపెల్లరు కంటికి కనబడని కత్తి. క్షణములో వ్రేళ్లు తెగిపోవును. అనుభవజ్ఞుడు ప్రక్కన లేనిదే విద్యార్థులు దానిని త్రిప్పరాదు. కాని ఇంజను నడపకయే నేర్వదగినది చాల కలదు. మెకానిక్కు దుకాణమున మూలబడిన పొర కార్బ్యురేటరు నొకదానిని తరగతి బల్లపై విప్పి చూపినచో, రంపమునకు రెక్కలిచ్చినది అరచేతిలో పట్టు ఆ పలుచని పొరయేనని పిల్లలు తమ కన్నులతో తామే గ్రహింతురు.