బజారు కాపలా ఒక్కరి పని కాదు

చింతలపూడి: దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. పట్టణాల్లో నడిబజారు భద్రత సంగతి చాలాచోట్ల ఇలాగే వుంటోంది. షట్టరు తాళం పగిలాక కెమెరా కొంటారు. ఆడపిల్లను ఎవడో వెంబడించాక వీధి దీపం గుర్తుకొస్తుంది. బ్యాంకు నుంచి తెచ్చుకున్న డబ్బు సంచీ పోయాక పోలీసులు ఏం చేస్తున్నారని అడుగుతారు. ముందే నలుగురూ కూర్చుని ఆలోచించుకుంటే ఈ నష్టంలో సగమైనా తప్పుతుంది.

చింతలపూడి మెట్ట ప్రాంతానికి పాత తాలూకా కేంద్రం. ఏలూరు, జంగారెడ్డిగూడెం, సత్తుపల్లి రోడ్లతో దీనికి రోజూ రాకపోకలున్నాయి. అవతల తెలంగాణ సరిహద్దు. ప్రగడవరం, రాఘవాపురం, ఎర్రగుంటపల్లి వంటి వూళ్ల వారికి ఎరువుల కొట్టు, మందుల షాపు, బ్యాంకు, బంగారం కొట్టు అన్నీ ఇక్కడే. అందువల్ల ఈ బజారు క్షేమం పట్టణంలో కాపురం వుండే వారి గొడవ మాత్రమే కాదు. ఆయిల్ పామ్ గెలల డబ్బు, మొక్కజొన్న డబ్బు చేతబట్టుకుని ఈ రోడ్డు మీద నడిచే ప్రతి రైతుకూ సంబంధించినది.

మునసబు పోయాక...

ఒకప్పుడు వూరి కాపలాకు ఒక పద్ధతి వుండేది. గ్రామ మునసబు ఠాణాకు కబురు పంపేవాడు. తలారి రాత్రిళ్లు వూరంతా తిరిగేవాడు. కొత్త మనిషి వస్తే ఎవరింటికి వచ్చాడో తెల్లవారేలోగా తెలిసిపోయేది. ఆ పద్ధతిలో పెత్తనమూ వుంది, అన్యాయమూ వుంది. 1984 జనవరిలో ప్రభుత్వం మునసబు, కరణం వుద్యోగాలను రద్దు చేసింది. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. చింతలపూడి కూడా పెరిగి నగర పంచాయతీ అయింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడి పశ్చిమ గోదావరి నుంచి ఇటు వచ్చింది.

ఈ మార్పుల్లో పాత కాపలా పోయింది. దాని చోట పట్టణాల్లో వర్తకులు గూర్ఖాలను పెట్టుకున్నారు. నెలకు కొట్టుకింత అని వసూలు చేసుకుని, రాత్రంతా ఈల వేస్తూ కర్ర తాటిస్తూ తిరిగే నేపాలీ గూర్ఖా మన బజార్లకు కొత్త కాదు. ఆలోచిస్తే వర్తకుల భాగస్వామ్యం అనే మాటకు అర్థం అదే. తలా కొంత వేసుకుని అందరి కొట్లకూ కాపలా పెట్టుకోవడం. కాకపోతే ఒక్క గూర్ఖా ఈలతో సరిపోయే కాలం కాదిది.

పెద్ద వూళ్లలో చేసింది

కెనడా దేశంలోని టొరంటో నగరంలో 1970లో ఒక బజారు వర్తకులు కొత్త దారి తొక్కారు. పెద్ద అంగళ్ల సముదాయాలు, భూగర్భ రైలు వచ్చి తమ వీధికి బేరాలు తగ్గిపోగా, పన్నుతో పాటు అదనంగా కొంత తామే కట్టుకుంటామని ముందుకొచ్చారు. ఆ సొమ్ము నగర పాలక సంస్థ వసూలు చేసి వర్తకుల సంఘానికే తిరిగి యిస్తుంది. దీపాలు, శుభ్రత, వీధి అందం సంఘం చూసుకుంటుంది. ఆ తరువాత ఈ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది.

మన హైదరాబాదులో 2006లో సైబరాబాద్ పోలీసులు, ఐటి కంపెనీలు కలిసి ఒక భద్రతా మండలిని సంఘంగా పెట్టుకున్నారు. రాత్రి డ్యూటీలు చేసే ఆడపిల్లలు క్షేమంగా ఇల్లు చేరడం, ట్రాఫిక్ అదుపు వంటి పనుల్లో కంపెనీలు డబ్బు, మనుషుల సాయం అందించాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలి ఎన్నో ప్రాణాలు పోయిన సంగతి ఎవరూ మరువలేదు. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది గాని, రోజు మొత్తం మీద అయిదు వందల మంది గాని చేరే సంస్థలు సిసి కెమెరాలు పెట్టుకోవాలని, దృశ్యాలను 30 రోజులు దాచి వుంచాలని ఆ చట్టం చెబుతోంది.

అంటే భద్రత కోసం వర్తకుడు ఖర్చు పెట్టడం దయాధర్మం కాదు, బాధ్యత అని చట్టమే వొప్పుకున్నట్లు.

ఉమ్మడి బర్రె కథ

కెమెరాలు పెట్టడం తేలిక, కాపాడుకోవడమే కష్టం. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందంటారు. అందరూ చందాలు వేసి కూడలిలో పెట్టిన కెమెరాకు ఆర్నెల్లు తిరక్కుండానే తీగ తెగిపోతుంది. బాగు చేయించేది ఎవరో తేలదు. ఒక చోట కరెంటు పోతే ఆగిపోతుంది. మరో చోట గడియారం తప్పు చూపిస్తుంది. రాత్రి రెండింటికి జరిగిన దొంగతనం మధ్యాహ్నం జరిగినట్లు కనిపిస్తే కోర్టులో ఆ దృశ్యం ఏ మాత్రం నిలుస్తుంది?

దుకాణదారులు చూసుకోవలసినవి పెద్ద సంగతులేమీ కావు. దృశ్యాలు దాచే పెట్టెను గల్లా పెట్టె పక్కనే పెట్టకూడదు. దొంగ డబ్బుతో పాటు దాన్నీ ఎత్తుకుపోతాడు. కెమెరా ఎదురుగా దీపం వుంటే మనిషి ముఖం నల్లగా పడుతుంది. కనీసం ఒక కెమెరా కొట్టు బయట రోడ్డు వైపు చూడాలి. పెట్టె నిండితే పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి గనుక ఏదైనా జరిగిన రోజే వాటిని వేరే తీసి వుంచాలి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఇలాంటి దృశ్యాలకు ధ్రువపత్రం జత చేయాలన్న నియమం వుంది. ఆ సంగతి స్టేషనులో అడిగి తెలుసుకోవాలి.

అదే రోజు నుంచి అమలైన కొత్త నేర విచారణ చట్టం ప్రకారం, నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు యివ్వవచ్చు. సత్తుపల్లి బజారులో పర్సు పోగొట్టుకున్న వారు ఇంటికి వచ్చి చింతలపూడిలో చెప్పుకున్నా తీసుకోవలసిందే.

కళ్లున్నది కెమెరాకే కాదు

బజారులో అన్నిటికన్నా ముందు తెరిచేది టీ కొట్టు. అందరికన్నా చివర మూసేది బజ్జీల బండి. ఆఖరి బస్సు దిగిన వాళ్లు ఎవరో, ఎటు నడిచారో ఆటో స్టాండు వారికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. కాగా భద్రత పేరుతో మొదటి దెబ్బ వీళ్ల మీదే పడుతుండడం శోచనీయం. బండి తీసేయమంటారు. బండి పోతే అక్కడ దీపం పోతుంది, దీపంతో పాటు మనిషి అలికిడీ పోతుంది. చీకటి సందు దొంగకు మిగులుతుంది.

2014 వీధి వ్యాపారుల చట్టం దీనికి ఒక దారి చూపింది. ప్రతి పట్టణంలోనూ వీధి వ్యాపారుల కమిటీ వుండాలి. అందులో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్న వారే కావాలి. వారిలో మూడోవంతు ఆడవారు. పోలీసులు, పట్టణ అధికారులు, వర్తక సంఘాలు, బ్యాంకుల ప్రతినిధులు కూడా అందులో వుంటారు. బండి ఎక్కడ పెట్టాలి, నడిచే దారి ఎంత వదలాలి, దీపం ఎక్కడ కావాలి అనేవి ఒకే బల్ల దగ్గర తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి వేదిక లేదు. నగర పంచాయతీలకూ ఈ చట్టం వర్తిస్తుంది.

బ్యాంకుల దగ్గర మరో మోసం వుంది. డబ్బు తీసుకుని వచ్చిన రైతు చొక్కా మీద బురదో, దురద పుట్టించే పొడో చల్లుతారు. లేదా కింద నాలుగు పది రూపాయల నోట్లు పడేసి అవి మీవేనా అంటారు. రైతు వంగగానే సంచీ మాయం. పెద్ద మొత్తం తీసుకునే వారు ఒంటరిగా రాకూడదని బ్యాంకు గుమస్తా ఒక్క మాట చెప్పినా, ఎదుటి టీ కొట్టు వారు ఓ కన్నేసి వుంచినా ఆ మోసం సాగదు. దీనికి పైసా ఖర్చు లేదు.

హద్దు దాటితే ముప్పు

జనం కాపలాకు దిగడం మంచిదే గాని, దానికి హద్దు వుండాలి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని సెల్‌ఫోన్లలో వదంతులు పుట్టి రెండు తెలుగు రాష్ట్రాలూ అట్టుడికాయి. పొట్ట కూటికి వచ్చిన పరాయి వారిని, మతి చలించిన వారిని, భిక్షగాళ్లను జనం పట్టుకుని కొట్టారు. కొన్నిచోట్ల ప్రాణాలు పోయాయి. ఎత్తుకుపోయిన పిల్లలూ లేరు, ముఠాలూ లేవు.

ఈ రాష్ట్రంలో కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన తెల్లదొరల చట్టం 1952లోనే రద్దయింది. ఆ ముద్రను జనం తమ బుర్రల్లోంచి తీసేయకపోతే భద్రతా సంఘం కాస్తా పేదవాళ్లను వేధించే సంఘం అవుతుంది.

చట్టం ఏమంటున్నదో అందరూ తెలుసుకోవాలి. కళ్ల ఎదుట తీవ్ర నేరం చేస్తున్న మనిషిని మామూలు పౌరుడు పట్టుకోవచ్చు. అయితే ఆలస్యం చేయకుండా, ఆరు గంటలు మించకుండా పోలీసులకు అప్పగించాలి. కొట్టడానికి, కట్టేయడానికి, గుండు కొట్టించడానికి ఎవరికీ హక్కు లేదు. అనుమానం అనేది నేరం కాదు. అనుమానం వస్తే 112కు ఫోను చేయాలి, అంతే.

చేయవలసింది

వర్తక సంఘం, ఆటో యూనియను, ఆర్టీసీ సిబ్బంది, వీధి వ్యాపారులు, డ్వాక్రా మహిళలు, నగర పంచాయతీ, పోలీసులు నెలకొకసారి ఒక గంట కూర్చుంటే చాలు. వెలగని దీపాలు ఎన్ని, పనిచేయని కెమెరాలు ఎన్ని, ఆఖరి బస్సుకు దిగే ఆడవారు ఏ దారిన వెళుతున్నారు అనే మూడు ప్రశ్నలు ముందు పెట్టుకోవాలి. వసూలు చేసిన చందాకు లెక్క రాసి నలుగురూ చూసేలా గోడకు అంటించాలి. పెద్ద కొట్టుకూ బజ్జీల బండికీ ఒకే చందా వేయడం న్యాయం కాదు. ప్రతి కెమెరాకూ ఒక బాధ్యుడి పేరు వుండాలి. చుట్టుపక్కల పల్లెల నుంచీ ఒకరిద్దరిని పిలవాలి. బజారును నడిపే డబ్బు వారిదే గదా.

ఇంట్లో గోడకు రాసి పెట్టుకోవలసిన నెంబర్లు ఇవి: పోలీసు, ఇతర అత్యవసరాలకు 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపక కేంద్రానికి 101, మహిళలకు 181, పిల్లలకు 1098. ఫోనులో మోసపోయి బ్యాంకు డబ్బు పోతే వెంటనే 1930. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆడపిల్లల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చిలో ‘శక్తి’ యాప్‌ను కూడా తెచ్చింది.

పోలీసు స్టేషనులో వుండే కొద్దిమంది ప్రతి షట్టరు ముందూ నిలబడలేరు. ప్రతి షట్టరుకూ ఒక యజమాని, ప్రతి బండికీ ఒక మనిషి మాత్రం వున్నారు. వారు ఒక మాట మీద నిలబడితే, పల్లె నుంచి వచ్చిన రైతు తన సంచీని, తన కూతుర్ని భద్రంగా ఇంటికి తీసుకుపోగలడు.